అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ (అమెరికా)

అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రైలు, రోడ్డు రవాణాలను నియంత్రించిన జాతీయ సంస్థ. రైలు కంపెనీల చార్జీలను అదుపులో ఉంచడానికి 1887లో ఏర్పడిన ఈ కమిషన్ పరిధిలోకి 1935లో లారీలు, బస్సులు కూడా చేరాయి. 1995 చివరి రోజులలో ఇది రద్దయింది. ప్రభుత్వ శాఖలకు వెలుపల ఉండి ఒక పరిశ్రమను నియంత్రించే స్వతంత్ర సంఘం అనే ఏర్పాటుకు అమెరికా కేంద్ర ప్రభుత్వంలో ఇదే తొలి రూపం. తరువాత వాణిజ్య పోటీ, వాటాల మార్కెట్టు, రేడియో, టెలిఫోను వంటి రంగాలకు అక్కడ ఏర్పడిన సంఘాలకు ఇదే నమూనా అయింది.

చిన్న ఊళ్ళ రైతులను, వర్తకులను రైలు కంపెనీల పక్షపాతం నుండి కాపాడడానికి పుట్టిన ఈ సంస్థ కొంతకాలానికి రవాణా కంపెనీలనే పోటీ నుండి కాపాడుతున్నదన్న విమర్శకు గురయింది. సరుకుల కోసం వ్రాసిన దీని చట్టంలోని ఒక నిబంధనే చివరకు బస్సులలో నల్లజాతివారిపై సాగిన వివక్షను తొలగించడానికి ఆధారమయింది. అందుకు 74 సంవత్సరాలు పట్టింది.

నేపథ్యం

భారతదేశంలో రైల్వేలు ప్రభుత్వానివి. అమెరికాలో అవి మొదటినుండీ ప్రధానంగా ప్రైవేటు కంపెనీలవే. అంతర్యుద్ధం (1861-65) ముగిసిన తరువాత ఈ కంపెనీలు దేశమంతటా పట్టాలు పరచాయి. 1869లో తూర్పు పడమరలు రైలు మార్గంతో కలిశాయి. పడమటి మైదానాలలో పండిన గోధుమ, మొక్కజొన్న తూర్పు తీరంలోని రేవులకు చేరాలంటే రైలు తప్ప వేరే దారి లేదు.

రెండు మూడు కంపెనీల మార్గాలు కలిసే నగరాలలో పోటీ వల్ల చార్జీలు బాగా తగ్గేవి. ఒకే కంపెనీ మార్గం ఉన్న చిన్న ఊరిలో మాత్రం ఆ కంపెనీ చెప్పినదే ధర. నగరాలలో వచ్చిన నష్టాన్ని కంపెనీలు ఇటువంటి ఊళ్ళలో పూడ్చుకునేవి. దీనికి తోడు పెద్ద వ్యాపారులకు రహస్యంగా కొంత సొమ్ము తిరిగి ఇచ్చే పద్ధతి ఉండేది. 1872లో కొన్ని రైలు కంపెనీలు, చమురు శుద్ధి వ్యాపారులు కలిసి వేసిన ఒక పథకంలో, తమ పోటీదారులు కట్టే చార్జీలో నుండి కూడా ఆ వ్యాపారులకు వాటా ముట్టే ఏర్పాటు ఉండినది. గిట్టనివాడు కట్టిన డబ్బులో వాటా పుచ్చుకోవడమన్నమాట. ఈ సంగతి బయటపడగానే పెద్ద అలజడి లేచి ఆ పథకం అమలు కాకుండానే ఆగిపోయింది.

రైతులు 'గ్రేంజ్' అనే సంఘంగా ఏర్పడి ఆందోళన చేయగా ఇల్లినాయ్, అయోవా, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలు చార్జీలకు హద్దులు విధిస్తూ చట్టాలు చేశాయి. ప్రజల అవసరాలతో ముడిపడిన వ్యాపారాన్ని నియంత్రించే హక్కు రాష్ట్రానికి ఉన్నదని సుప్రీం కోర్టు 1877లో తీర్పు ఇచ్చింది. అయితే సరుకు రాష్ట్రం దాటి పోతే ఏమిటన్నది తేలవలసి ఉండినది.

పియోరియా, గిల్మన్ వివాదం

ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా, గిల్మన్ అని రెండు ఊళ్ళు ఉన్నాయి. రెండింటి నుండీ న్యూయార్కుకు సరుకు పోతుంది. పియోరియా కంటే గిల్మన్ న్యూయార్కుకు 86 మైళ్ళు దగ్గర. అయినా వాబాష్ రైలు కంపెనీ పియోరియా నుండి వంద పౌన్ల బరువుకు 15 సెంట్లు, గిల్మన్ నుండి అదే రకం సరుకుకు 25 సెంట్లు వసూలు చేసింది. 26,000 పౌన్ల వ్యాగను ఒకదానికి దూరపు ఊరి వర్తకుడు 39 డాలర్లు కడితే దగ్గరి ఊరి వర్తకుడు 65 డాలర్లు కట్టవలసి వచ్చింది.

తక్కువ దూరానికి ఎక్కువ చార్జీ తీసుకోరాదన్న తన చట్టం ప్రకారం ఇల్లినాయ్ ప్రభుత్వం కంపెనీపై దావా వేసింది. 1886లో సుప్రీం కోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. చార్జీ న్యాయమైనదని కోర్టు అనలేదు. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోయే సరుకుపై చట్టం చేసే అధికారం రాజ్యాంగం ప్రకారం కేంద్ర శాసనసభ అయిన కాంగ్రెసుకే తప్ప రాష్ట్రాలకు లేదని మాత్రమే అన్నది. దీనితో రైలు సరుకులలో ముఖ్యభాగంపై ఎవరి అదుపూ లేకుండా పోయింది. కాంగ్రెసు కదలక తప్పలేదు.

చట్టం, కమిషన్ నిర్మాణం

సెనేటరు షెల్బీ కలమ్ నాయకత్వంలోని సంఘం అంతకుముందే దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించి ఉన్నది. టెక్సస్ ప్రతినిధి జాన్ రేగన్ అక్రమాలను నేరుగా నిషేధించి అమలును కోర్టులకు వదలాలని కోరగా, కలమ్ ప్రత్యేక కమిషన్ కావాలన్నాడు. ఈ రెండింటినీ కలిపి తయారుచేసిన అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టంపై అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్లాండ్ 1887 ఫిబ్రవరి 4న సంతకం చేశాడు.

ఈ చట్టం ప్రకారం చార్జీలు న్యాయంగా, సహేతుకంగా ఉండాలి. వాటిని అచ్చువేసి అందరికీ తెలిసేలా ప్రకటించాలి. రహస్యపు తగ్గింపులు, కంపెనీలు తమలో తాము రాబడిని పంచుకునే ఒప్పందాలు కూడవు. ఒకే రకమైన పరిస్థితులలో తక్కువ దూరానికి ఎక్కువ చార్జీ తీసుకోరాదు. మూడవ సెక్షను ఏ వ్యక్తికి గాని, ఊరికి గాని, ఏ రకపు సరుకుకు గాని అనుచితమైన మేలు చేయడాన్ని, అనుచితమైన కీడు చేయడాన్ని నిషేధించింది. ఈ సెక్షనులోని 'ఏ వ్యక్తికి గాని' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

కమిషన్‌లో మొదట ఐదుగురు సభ్యులు. ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదు. సభ్యుల సంఖ్య 1906లో ఏడుకు, 1917లో తొమ్మిదికి, 1920లో పదకొండుకు పెరిగింది. మిషిగన్ రాష్ట్ర సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన థామస్ కూలీ మొదటి అధ్యక్షుడు.

కోరలు లేని కాలం

మొదటి రెండు దశాబ్దాలలో కమిషన్ ఆజ్ఞలు కాగితం మీదనే మిగిలాయి. ఆజ్ఞ పాటించని కంపెనీపై కమిషనే కోర్టుకు పోవాలి. అక్కడ విచారణ మళ్ళీ మొదటినుండి జరిగేది. 1887-1905 మధ్య సుప్రీం కోర్టు వరకు వెళ్ళిన 16 చార్జీల వివాదాలలో 15 కంపెనీల పక్షానే తేలాయి. 1897లో వచ్చిన రెండు తీర్పులు మరీ దెబ్బతీశాయి. ఒకటి, చార్జీ అన్యాయమని చెప్పవచ్చు గాని న్యాయమైన చార్జీ ఎంతో నిర్ణయించే అధికారం కమిషన్‌కు లేదన్నది. రెండవది, పోటీ ఉన్న ఊరు, పోటీ లేని ఊరు 'ఒకే రకమైన పరిస్థితులు' కావన్నది. పోటీ లేకపోవడమే గిల్మన్ వంటి ఊళ్ళ బాధ. ఆ బాధనే మినహాయింపుకు కారణం చేయడంతో చట్టంలోని ముఖ్యమైన నిబంధన ఒట్టిపోయింది.

1892లో రైలు కంపెనీల న్యాయవాది రిచర్డ్ ఓల్నీ ఒక కంపెనీ అధ్యక్షునికి వ్రాసిన లేఖ చరిత్రకారులు తరచు ప్రస్తావించేది. కమిషన్‌ను రద్దు చేయించడం తెలివి కాదనీ, నియంత్రణ కావాలన్న ప్రజల కోరికను అది పేరుకు తీరుస్తుందనీ, కాలం గడిచేకొద్దీ అది కంపెనీల దృష్టితోనే చూడసాగుతుందనీ ఆ లేఖ సారాంశం. మరుసటి సంవత్సరమే ఓల్నీ దేశ అటార్నీ జనరల్ అయ్యాడు.

ఈ కాలంలోనే కమిషన్ నిజంగా మేలు చేసిన పని రైలు కార్మికుల భద్రత. అంతవరకు వ్యాగన్లను కలపడానికి మనిషి రెండు పెట్టెల మధ్య నిలబడి చేతితో కొక్కెం తగిలించేవాడు. వేళ్ళు, చేతులు, ప్రాణాలు పోవడం నిత్యకృత్యం. స్వయంగా తగులుకునే కొక్కేలు, గాలి బ్రేకులు తప్పనిసరి చేస్తూ 1893లో వచ్చిన చట్టాన్ని అమలు జరిపించే బాధ్యత కమిషన్‌పై పడింది. 1910 నుండి ప్రమాదాలపై విచారణ జరిపి నివేదికలు ప్రకటించసాగింది.

అధికారాలు పెరిగిన కాలం

1906 నాటి హెప్బర్న్ చట్టం గరిష్ఠ చార్జీలు నిర్ణయించే అధికారాన్ని కమిషన్‌కు ఇచ్చింది. ఆజ్ఞను పాటించడమో, తప్పని నిరూపించడానికి కోర్టుకు పోవడమో ఇప్పుడు కంపెనీ వంతు అయింది. కంపెనీల లెక్కలన్నీ ఒకే పద్ధతిలో వ్రాయాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. పైకి చిన్నదిగా కనిపించినా ఇది చాలా ముఖ్యమైనది. లెక్క తెలియనిదే చార్జీ న్యాయమో కాదో తేల్చడం ఎవరి తరమూ కాదు. 1910లో వచ్చిన మరో చట్టంతో కొత్త చార్జీని విచారణ ముగిసేవరకు నిలిపి ఉంచే అధికారం లభించింది.

రాష్ట్రాల హద్దుల సమస్య 1914లో ష్రీవ్‌పోర్ట్ వివాదంలో తిరగబడి ఎదురయింది. ష్రీవ్‌పోర్ట్ లూసియానా రాష్ట్రంలో టెక్సస్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న నగరం. టెక్సస్ రాష్ట్రం తన లోపలి చార్జీలను తక్కువగా ఉంచడంతో, డల్లాస్ నుండి తూర్పుకు 160 మైళ్ళు పోయే సరుకుకు పట్టే 60 సెంట్లు ష్రీవ్‌పోర్ట్ నుండి టెక్సస్‌లోకి 55 మైళ్ళకే సరిపోయేవి. రాష్ట్రం లోపలి చార్జీ అయినా పొరుగు రాష్ట్రపు వర్తకానికి కీడు చేస్తే కమిషన్ జోక్యం చేసుకోవచ్చునని సుప్రీం కోర్టు ఒప్పుకున్నది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో 1917 డిసెంబరు నుండి 1920 మార్చి వరకు రైల్వేలను ప్రభుత్వమే నడిపింది. వాటిని తిరిగి అప్పగించిన 1920 నాటి చట్టం కమిషన్ పనినే మార్చివేసింది. ఇకపై కనిష్ఠ చార్జీలు, కంపెనీల విలీనాలు, కొత్త మార్గాల నిర్మాణం, పాత మార్గాల మూసివేత అన్నీ కమిషన్ అనుమతితోనే జరగాలి. కంపెనీలకు తగిన లాభం వచ్చేలా చూడడం కూడా దాని బాధ్యత అయింది. వర్తకుని కాపాడవలసిన సంస్థ కంపెనీ బాగోగులు కూడా చూడవలసి రావడం ఇక్కడ మొదలయింది.

రోడ్డు రవాణా

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మంచి రోడ్లు, లారీలు పెరిగాయి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో పనిపోయినవారు అప్పు చేసి ఒక లారీ కొనుక్కుని, ఎంత వస్తే అంతకు సరుకు తోలేవారు. రైలు కంపెనీలు దీన్ని సహించలేకపోయాయి. పెద్ద లారీ కంపెనీలు, రాష్ట్రాల నియంత్రణ సంఘాలు కూడా అదుపు కావాలని కోరాయి. కమిషన్ సభ్యుడు, అప్పటి కేంద్ర రవాణా సమన్వయాధికారి జోసెఫ్ ఈస్ట్‌మన్ కృషితో 1935 ఆగస్టులో మోటారు వాహనాల రవాణా చట్టం వచ్చింది.

రైలు నియంత్రణ కోరినవారు సరుకు పంపే రైతులు, వర్తకులు. రోడ్డు నియంత్రణ కోరినవారిలో ముఖ్యులు సరుకు మోసే కంపెనీలు. ఈ తేడా తరువాతి నాలుగున్నర దశాబ్దాల కథను చాలావరకు నిర్ణయించింది.

రాష్ట్రాల మధ్య అందరి సరుకులూ మోసే వ్యాపారం చేయదలచినవారు ప్రజల సౌకర్యానికి, అవసరానికి తమ సేవ కావలసి ఉన్నదని నిరూపించి ధ్రువపత్రం పొందాలి. ఏ సరుకు, ఏ ఊరి నుండి ఏ ఊరికి, ఏ దారిన అన్నది అందులో వ్రాసి ఉండేది. అప్పటికే నడుస్తున్నవారికి పాత హక్కుగా అనుమతి లభించింది. కొత్తవారు దరఖాస్తు చేస్తే ఉన్న కంపెనీలు అభ్యంతరం చెప్పవచ్చును. ఇప్పటికే బండి ఉన్న దారిలో మరో బండి అవసరమని నిరూపించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఒకవైపు సరుకుకే అనుమతి ఉన్న లారీలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావలసి వచ్చేది.

శుద్ధి చేయని వ్యవసాయ ఉత్పత్తులను మోసే లారీలకు మాత్రం ఈ నిబంధనల నుండి మినహాయింపు ఉండేది. దీనితో ఏది వ్యవసాయ ఉత్పత్తి, ఏది తయారైన వస్తువు అన్న వింత వివాదాలు తలెత్తాయి. ఈకలు తీసి శుభ్రం చేసి గడ్డకట్టించిన కోడి ఏ కోవలోకి వస్తుందన్నది సుప్రీం కోర్టు వరకు వెళ్ళింది. అది వ్యవసాయ ఉత్పత్తేనని కోర్టు 1956లో తేల్చింది. చార్జీలను కంపెనీలు సంఘాలుగా కూడి నిర్ణయించుకోవడానికి 1948లో కాంగ్రెసు అనుమతించింది. అధ్యక్షుడు ట్రూమన్ తిరస్కరించినా ఆ బిల్లు చట్టమయింది. 1887 చట్టం కంపెనీల కుమ్మక్కుపై పుట్టిన ఆగ్రహం నుండి వచ్చినదని తలచుకుంటే ఇది చిత్రంగా తోస్తుంది.

ప్రయాణికులు, వర్ణవివక్ష

చట్టం వచ్చిన 1887లోనే విలియం కౌన్సిల్ అనే నల్లజాతి విద్యావేత్త కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. అలబామాలోని హంట్స్‌విల్‌లో నల్లజాతివారి పాఠశాలకు ఆయన ప్రధానాచార్యుడు. మొదటి తరగతి టిక్కెట్టు కొన్నా ఆయనను రైలు పెట్టె నుండి బలవంతంగా వెళ్ళగొట్టారు. మూడవ సెక్షను ప్రకారం ఇది అనుచితమైన కీడు అని ఆయన వాదించాడు. సమానమైన సౌకర్యం ఇవ్వకపోవడం తప్పేనని కమిషన్ ఒప్పుకున్నది. కాని వేరు పెట్టెలో కూర్చోబెట్టడం తప్పు కాదన్నది. 'వేరుగా ఉన్నా సమానమే' అన్న సూత్రాన్ని సుప్రీం కోర్టు 1896లో స్థిరపరచింది. కమిషన్ అంతకు తొమ్మిదేళ్ళ ముందే ఆ దారి పట్టింది. ఊళ్ళ మధ్య, సరుకుల మధ్య పక్షపాతాన్ని సెంట్లతో సహా లెక్కగట్టగల సంస్థకు మనుషుల మధ్య పక్షపాతం చాలాకాలం కనిపించలేదు.

1937లో కాంగ్రెసు సభ్యుడు ఆర్థర్ మిచెల్‌ను ఆర్కన్సా రాష్ట్రంలో మొదటి తరగతి పెట్టె నుండి దింపి నల్లజాతివారి పెట్టెలోకి పంపారు. ఆయన ఫిర్యాదును కమిషన్ కొట్టివేయగా, 1941లో సుప్రీం కోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది. రైలు భోజనశాలలో తెరకట్టి నల్లవారికి ప్రత్యేకంగా బల్లలు కేటాయించే పద్ధతిని కూడా కమిషన్ సమర్థించింది. దానిని 1950లో సుప్రీం కోర్టు చెల్లదన్నది.

మార్పు ఒక బస్సు ప్రయాణంతో వచ్చింది. 1952 ఆగస్టులో సైన్యపు మహిళా విభాగంలో పనిచేస్తున్న సారా కీస్ సెలవుపై ఉత్తర కరొలైనాలోని ఇంటికి బయలుదేరింది. అర్ధరాత్రి దాటిన తరువాత రోనోక్ ర్యాపిడ్స్ అనే ఊరిలో డ్రైవరు మారాడు. కొత్త డ్రైవరు ఆమెను లేచి తెల్లజాతి సైనికునికి చోటు ఇమ్మన్నాడు. ఆమె లేవలేదు. ఆమెను నిర్బంధించి 25 డాలర్ల జరిమానా వేశారు. తాను కూడా అదే సైనిక విభాగంలో పనిచేసిన న్యాయవాది డవీ జాన్సన్ రౌండ్‌ట్రీ ఆమె తరపున కమిషన్ ముందు వాదించింది. కింది అధికారి ఫిర్యాదును కొట్టివేసినా, 1955 నవంబరులో పూర్తి కమిషన్ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. జాతిని బట్టి ప్రయాణికులను వేరుచేయడమే మూడవ సెక్షనుతో సమానమైన మోటారు చట్ట నిబంధనకు విరుద్ధమని మొదటిసారిగా ఒప్పుకున్నది. అదే ఉత్తర్వుల వరుసలో రైళ్ళకు కూడా ఈ సూత్రాన్ని వర్తింపజేసింది. మాంట్‌గోమరీ నగర బస్సులో రోసా పార్క్స్ లేవడానికి నిరాకరించినది కొద్దిరోజుల తరువాత, డిసెంబరు 1న. నగర బస్సులు ఈ కమిషన్ పరిధిలోనివి కావు.

తీర్పు వచ్చింది గాని కమిషన్ దానిని అమలు జరిపించలేదు. దక్షిణాది బస్సు స్టేషన్లలో వేరు వేరు నిరీక్షణ గదులు, వేరు భోజనశాలలు అలాగే ఉన్నాయి. 1961 మే 4న నల్లజాతి, తెల్లజాతి యువకులు కలిసి 'స్వేచ్ఛా యాత్ర' పేరుతో వాషింగ్టన్ నుండి బస్సులలో బయలుదేరారు. మే 14న అలబామాలోని ఆనిస్టన్ వద్ద ఒక గుంపు వారి బస్సును తగలబెట్టింది. అదే నెలాఖరులో అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ కమిషన్‌ను స్పష్టమైన నిబంధనలు చేయవలసినదిగా కోరాడు. సాధారణంగా సంవత్సరాల తరబడి విచారణ సాగించే కమిషన్ నాలుగు నెలలలోపే, సెప్టెంబరు 22న, ఉత్తర్వు వెలువరించింది. నవంబరు 1 నుండి రాష్ట్రాల మధ్య నడిచే ప్రతి బస్సులో జాతి, వర్ణ, మత భేదం లేకుండా కూర్చోవచ్చునని తెలిపే ప్రకటన పెట్టాలి. వివక్ష పాటించే స్టేషన్లను బస్సు కంపెనీలు వాడరాదు. గదుల తలుపులపై ఉన్న పాత బోర్డులు దిగిపోసాగాయి. కొన్ని ఊళ్ళలో మాత్రం కోర్టుల ద్వారా తొలగించవలసి వచ్చింది.

క్షీణత

ఆలస్యం కమిషన్ పేరుకు పర్యాయపదమయింది. సదరన్ రైల్వే 1961లో వంద టన్నుల ధాన్యం పట్టే తేలికపాటి అల్యూమినియం వ్యాగన్లు తెచ్చి ధాన్యపు చార్జీని దాదాపు 60 శాతం తగ్గిస్తానన్నది. పడవలకు, లారీలకు నష్టమన్న అభ్యంతరాల వల్ల వివాదం 1965 వరకు సాగింది. చార్జీ తగ్గిస్తానన్న కంపెనీని నాలుగేళ్ళు నిలబెట్టినది హెచ్చు చార్జీల బాధ తీర్చడానికి పుట్టిన కమిషనే.

రాక్ ఐలాండ్ రైలు కంపెనీ కథ ఇంకా విషాదకరమైనది. దానిని యూనియన్ పసిఫిక్‌లో కలపాలన్న దరఖాస్తు 1964లో వచ్చింది. షరతులతో అనుమతి 1974లో లభించింది. ఈ పదేళ్ళలో మార్గాలు శిథిలమై, కొనదలచినవారు వెనుకకు తగ్గారు. 1975 మార్చిలో కంపెనీ దివాలా తీసి, 1980లో శాశ్వతంగా మూతపడింది. అనుమతి త్వరగా వచ్చినా మేలు జరుగుతుందన్న హామీ లేదు. కమిషన్ ఒప్పుకున్న మరో పెద్ద విలీనం పెన్ సెంట్రల్ 1968లో మొదలై, 1970 జూన్‌లోనే దివాలా తీసింది. రైల్వేల పతనానికి కమిషన్ ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వ ఖర్చుతో వేసిన జాతీయ రహదారులు, సొంత కార్లు, విమానాలు కూడా కారణమే. అయితే నష్టపు మార్గాన్ని మూయడానికి, చార్జీ మార్చడానికి కంపెనీల చేతులు కట్టివేసినది కమిషనే. భద్రత పర్యవేక్షణ 1967లో కొత్తగా ఏర్పడిన రవాణా శాఖకు వెళ్ళిపోయింది.

1980లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు చట్టాలపై సంతకం చేశాడు. జూలైలో వచ్చినది లారీ వ్యాపారంలోకి కొత్తవారి ప్రవేశాన్ని సులభం చేసింది. అక్టోబరులో వచ్చిన స్టాగర్స్ చట్టం రైలు కంపెనీలకు చాలావరకు సొంతంగా చార్జీలు నిర్ణయించుకునే స్వేచ్ఛను, వర్తకులతో రహస్య ఒప్పందాలు చేసుకునే హక్కును ఇచ్చింది. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే తరువాతి రెండు దశాబ్దాలలో సరుకు చార్జీలు బాగా తగ్గాయి. రైల్వేలు కోలుకున్నాయి. లారీ కంపెనీల సంఖ్య పెరిగింది. లారీ డ్రైవర్ల వేతనాలు, కార్మిక సంఘాల బలం తగ్గాయి. ఈ నష్టాన్ని సంస్కరణలను మెచ్చుకునేవారు తరచు విస్మరిస్తారు.

రద్దు, తరువాత

పనులు ఒక్కొక్కటే పోయిన కమిషన్‌ను రద్దుచేసే చట్టంపై అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1995 డిసెంబరు 29న సంతకం చేశాడు. మిగిలిన విధులు 1996 జనవరి 1 నుండి ఉపరితల రవాణా బోర్డుకు సంక్రమించాయి. మొదట రవాణా శాఖకు అనుబంధంగా ఉన్న ఈ బోర్డును 2015 నాటి చట్టం పూర్తిగా స్వతంత్ర సంస్థగా చేసి, సభ్యుల సంఖ్యను మూడు నుండి ఐదుకు పెంచింది. లారీలు, బస్సుల భద్రత 2000 నుండి రవాణా శాఖలోని ప్రత్యేక విభాగం చేతిలో ఉన్నది.

విలీనాల ఫలితంగా అమెరికాలో మొదటి శ్రేణి సరుకు రవాణా రైల్వేల సంఖ్య ఆరుకు తగ్గింది. బోర్డు అనుమతితో 2023లో కెనడియన్ పసిఫిక్, కాన్సాస్ సిటీ సదరన్ కలిసిపోవడంతో ఈ సంఖ్య వచ్చింది. బొగ్గు, ధాన్యం, రసాయనాలు పంపే వ్యాపారులలో ఒకే కంపెనీ మార్గం అందుబాటులో ఉన్నవారు ఎందరో ఉన్నారు. వీరిని అక్కడ 'బందీ వర్తకులు' అంటారు. కంపెనీకి ఆ రవాణా వల్ల వచ్చే రాబడి, దానికయ్యే మారే ఖర్చుకు 180 శాతం మించితేనే వారి ఫిర్యాదును బోర్డు విచారించగలదు. అప్పుడు కూడా ఆ మార్గంలో తగిన పోటీ లేదని తేలాలి. గిల్మన్ వర్తకుడు 1880లలో చేసిన ఫిర్యాదు వంటివే, చాలా పెద్ద అంకెలతో, ఈ బోర్డు ముందుకు వస్తున్నాయి.